నాగావళిలో ఇసకతిప్ప

హైదరాబాదులో ఒక ముస్లిం రచయితల సమావేశం. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన అడిగారు. ‘‘మీదెక్కడ భాయ్?’’

‘‘శ్రీకాకుళం.’’

ఆయన చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. ‘‘అక్కడ కూడా మనవాళ్లున్నారా?’’

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మా ఊళ్లో దీనికి జోడు ప్రశ్న ఇంకొకటుంది. బస్సులోనో, పెళ్లి పందిట్లోనో పేరు చెప్పగానే ‘‘ఏటి సాయిబుగారూ, తెలుగు అచ్చం మాలాగే మాటాడేస్తన్నారు!’’ అంటారు. ప్రేమగానే అంటారు. మాలాగే! మరింకెవరిలాగ మాట్లాడాలి? మా నానీకి ఉర్దూ సగమే వచ్చు. దువా అరబ్బీలో చేసేది. కోపం వస్తే మాత్రం ‘‘ఎల్లెహె గుంటా’’ అనే తిట్టేది. ఆమె కోపానికి కూడా సిక్కోలు యాసే ఉండేది.

ఒకరి లెక్కలో శ్రీకాకుళంలో ముస్లిం లేడు. ఇంకొకరి లెక్కలో ముస్లిం శ్రీకాకుళం వాడు కాడు. ఈ రెండు లెక్కల మధ్య మేం బతుకుతున్నాం.

నాగావళి కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా దిగి, మా ఊరి ఒడ్డు ఒరుసుకుంటూ కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వేసవిలో ఏరు చిక్కిపోతే నడుమ ఇసకతిప్పలు లేస్తాయి. తిప్ప మీద చెలమలు తవ్వుకుని నీళ్లు పట్టుకుంటారు. పుచ్చపాదులు పెడతారు. పిల్లలు ఆడుకుంటారు. వానాకాలం రాగానే తిప్ప కనిపించదు. ఒడ్డున నిలబడి చూసేవాడికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. అడుగున మాత్రం ఉంటుంది. ఉత్తరాంధ్ర ముస్లింల ఉనికి అలాంటిదే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేం నూటికి ఒకరం కూడా లేం. ఓట్ల లెక్కలో కనపడం. పత్రికల్లో కనపడం. సాహిత్యంలో సరేసరి. చరిత్రలో మాత్రం కనపడతాం. ఎలా కనపడతామన్నదే ఈ వ్యాసం.

శ్రీకాకుళం చరిత్ర చెప్పేవాళ్లెవరైనా మొదట ఎత్తే పేరు షేర్ మహమ్మద్ ఖాన్. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున చికాకోల్‌కు ఫౌజుదారుగా వచ్చినవాడు. ఊళ్లో జామియా మసీదు కట్టించినవాడు. మసీదు 1641-42 నాటిది. అక్కడున్న గుడిని తీసేసి, ఆ రాళ్లతో కట్టారని చరిత్రకారులు రాశారు. ఆ మాట దగ్గర నేను తల తిప్పుకోను. గుడి రాయి గుడి రాయే. మా తాతల కాలంలో ఎవరో చేశారు కాబట్టి కాదని బుకాయించాల్సిన అవసరం నాకు లేదు. అది చేసింది నా తాతా కాదు. ఫౌజుదారు వెండిపళ్లెంలో తింటే మా తాతలకి మిగిలింది గంజే.

నా పేచీ రాళ్లతో కాదు, ఆ రాళ్ల మీద తర్వాత కట్టిన కథతో. అరసవల్లి సూర్యదేవాలయం చరిత్ర చెప్పేటప్పుడు షేర్ మహమ్మద్ ఖాన్‌ని ఔరంగజేబు పంపిన సుబేదారుగా చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. ఆయన దాడికి భయపడి విగ్రహాన్ని నూతిలో దాచారనీ, 1778లో ఎలమల పుల్లాజీ పంతులు దాన్ని పైకి తీసి గుడి తిరిగి కట్టారనీ ఆ కథ సాగుతుంది. విగ్రహం దాచినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కాని తేదీలు చూడండి. మసీదు కట్టేనాటికి ఢిల్లీ గద్దె మీద ఉన్నది షాజహాన్. ఔరంగజేబు గద్దె ఎక్కింది 1658లో. గోల్కొండ ఆయన చేతికి చిక్కింది 1687లో. 1641లో చికాకోల్ ఏలుతున్నది గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా. షేర్ మహమ్మద్ ఖాన్ ఆయన నౌకరు. ఆ గోల్కొండను మింగేసినవాడు ఔరంగజేబు. మింగినవాడినీ, మింగబడినవాడి నౌకరునీ ఒకే తాటికి కట్టేయడం ఎలా కుదిరింది? ముస్లిం ఎవరైతేనేం, అందరూ ఔరంగజేబే అనుకున్నప్పుడే కుదురుతుంది. ఈ తేదీ పొరపాటు చిన్నది కాదు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఏ ఊళ్లో ఏ మసీదు రాయికి ఏ కథ అంటగట్టినా దాని బరువు ఆ రాయి పక్కన కాపురముండే వాళ్ల నెత్తినే పడుతోంది.

ఇప్పుడు బొబ్బిలి వెళదాం. శ్రీకాకుళం నుంచి రాజాం మీదుగా రెండు గంటల బస్సు ప్రయాణం. అదే షేర్ మహమ్మద్ ఖాన్ అక్కడ వేరే మనిషి. 1652లో ఆయన సేనతో పాటు ఈ సీమకు వచ్చినవాళ్లలో బొబ్బిలి రాజుల మూలపురుషుడు పెద్దరాయుడు ఒకడు. విజయనగరం పూసపాటి వారి మూలపురుషుడు మాధవవర్మ ఇంకొకడు. సంస్థానాల చరిత్రలు చెప్పే మాటే ఇది. తమకు సీమ ఇచ్చిన షేర్ పేరు మీద బొబ్బిలి వారు తమ ఊరికి పేరు పెట్టుకున్నారని ఆ సంస్థానం కథనం. షేర్ అంటే పులి. పెద్దపులి, బెబ్బులి, బొబ్బిలి!

ఆగి ఆలోచించండి. తెలుగువాడి పౌరుషానికి మారుపేరుగా చెప్పుకునే ఊరి పేరులో ఒక ముస్లిం ఫౌజుదారు పేరు తెలుగై కూర్చుంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర తలపడిన రెండు సంస్థానాలూ వందేళ్ల కిందట ఒకే ఫౌజుదారు వెంట నడిచి వచ్చినవే. ఈ సంగతి బొబ్బిలి యుద్ధం గురించి విన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? బొబ్బిలి కథ పాడేవాళ్లు ఊరూరా పాడారు. 1964లో సీతారాం దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావు నటించిన ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చింది. 1986లో దాసరి నారాయణరావు, కృష్ణంరాజుతో ‘తాండ్ర పాపారాయుడు’ తీశారు. జనం మనసులో నిలిచిన ముస్లిం మాత్రం ఒక్కడే. బుస్సీ పక్కన ఉండి, విజయరామరాజు దగ్గర లంచం తిని, బొబ్బిలి మీదికి ఫ్రెంచి ఫిరంగులు తెచ్చిన హైదర్ జంగ్. లంచం కథ చరిత్రలో ఉన్నదే, అబద్ధం కాదు. కాని పేరిచ్చిన షేర్‌ని మరచి, లంచం తిన్న హైదర్‌ని గుర్తుపెట్టుకోవడాన్ని ఏమనాలి? జ్ఞాపకానికి కూడా పక్షపాతం ఉంటుంది.

విజయనగరంలో మూడో జ్ఞాపకం ఉంది. 1713లో కోట కట్టబోతూ స్థలం వెతుక్కుంటున్న రాజుకు, అక్కడ అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు చోటు చూపించాడని ఐతిహ్యం. అదే ఊళ్లో బాబామెట్ట మీద ఖాదర్ బాబా దర్గాకు ఈనాటికీ అన్ని కులాల వాళ్లూ వెళతారు. శ్రీకాకుళంలో గుడి కూల్చినవాడు, బొబ్బిలిలో ఊరికి పేరైనవాడు, విజయనగరంలో కోటకు చోటు చూపినవాడు. మూడు ఊళ్లు, మూడు ముఖాలు. పుస్తకాల్లోకీ, ఉపన్యాసాల్లోకీ ఎక్కేది మొదటి ముఖమే. మిగతా రెండూ గైడు చెప్పే కబుర్లుగా మిగిలిపోతాయి.

ఇక్కడ గురజాడ దగ్గరికి రావాలి. ఆధునిక తెలుగు కథ పుట్టిన నెలల్లోనే, 1910లో, ఆయన ‘పెద్దమసీదు’ రాశారు. కథాస్థలం మా శ్రీకాకుళమే. కాశీలో చదువుకుని ఏళ్ల తర్వాత తిరిగి వచ్చిన బ్రాహ్మడికి గుడి గోపురం ఉండాల్సిన చోట మసీదు కనిపిస్తుంది. కథ ముగిసేసరికి ఆయనకు తెలిసే నిజం అంతకన్నా పెద్దది. తన వాళ్లలోనే ఒకరు తురకల్లో కలిసిపోయారు.

‘దిద్దుబాటు’ గురించి రాసినంతలో పదో వంతు కూడా ‘పెద్దమసీదు’ గురించి రాయని విమర్శకులను ఏమడగాలి? ఈ కథ వాళ్లను ఇబ్బంది పెట్టి ఉంటుంది. హిందూత్వవాదికి మొదటి సగం చాలు: గుడి పోయింది, మసీదు వచ్చింది. సెక్యులర్ మిత్రుడికి ఆ మొదటి సగమే మింగుడు పడదు, అందుకని మొత్తం కథనే పక్కన పెట్టేస్తాడు. కాని గురజాడ శాసనాలు చదివే ఉద్యోగం చేసిన మనిషి. రాయి ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఆయనకు తెలుసు. అందుకే కథను రాయి దగ్గర ఆపలేదు, రక్తం దాకా తీసుకెళ్లారు. తురక ఎక్కడో అరేబియా నుంచి గుర్రమెక్కి వచ్చినవాడు కాడు, నీ ఇంట్లోంచి వెళ్లినవాడే అని 1910లోనే చెప్పారు. ఆ మాటకు నేను చెయ్యెత్తి సలాం చేస్తాను.

సలాం చేశాక ఒక మాట అడుగుతాను. ఆ కథలో చూపంతా కాశీ నుంచి వచ్చినవాడిదే. పోగొట్టుకున్నవాడి దుఃఖం ఉంది. కలిసిపోయినవాడి కథ ఎక్కడుంది? ఆయన మర్నాడు పొద్దున్న ఏం తిన్నాడు? ఏ వీధిలో కాపురమున్నాడు? ఆయన పెళ్లాం ఏ ఏటి రేవులో నీళ్లు ముంచుకుంది? ఆ రేవులో మిగతా ఆడవాళ్లు ఆమెతో మాట్లాడారా? ఆయన మనవలకు కాశీ తెలియదు, మక్కా తెలియదు. నాగావళి తెలుసు. మేం ఆ మనవలం. కథ ఆగిన చోట మా బతుకు మొదలైంది. గురజాడ తలుపు దాకా వచ్చి తట్టారు. లోపలికి వచ్చి కూర్చోలేదు. ఆయన కాలానికి తట్టడమే ఎక్కువ. తర్వాత వచ్చిన నూరేళ్ల సాహిత్యం ఆ తలుపు కూడా తట్టలేదన్నది నా ఫిర్యాదు.

ఇదే శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావు మాష్టారు కథానిలయం పెట్టారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడికి చేరాలని కలగన్నారు. 2021లో పోయేదాకా దాన్ని కాపాడుకున్నారు. కళింగాంధ్ర కథ అంటే రైతు, కూలీ, వలస, జీడితోట, గిరిజనుడి కొండ. ఇవన్నీ నా కథలే, నేను గర్వపడేవే. కాని తెలుగు కథలన్నీ వచ్చి చేరే ఊళ్లో మసీదు వీధి కథ కోసం వెదికితే చేతికి మొదట తగిలేది 1910 నాటి కథే. పక్కింటికి చుట్టాలందరూ వచ్చి, ఆ ఇంటి గోడవతల వాడు పిలుపు కోసం చూసినట్టుంది మా పరిస్థితి.

చరిత్ర రాళ్లలోనే లేదు, మాటల్లో కూడా ఉంది. శ్రీకాకుళం పేరు దేశమంతా మోగింది రైతాంగ పోరాటంతో. ఆ ‘రైతు’ అన్న మాట ఎక్కడిది? అరబ్బీ, పారశీకాల మీదుగా వచ్చింది. జమీందారు, కౌలు, కిస్తు, వసూలు, బాకీ, రసీదు, జరిమానా, తాసీల్దారు అన్నీ ఆ తోవనే వచ్చాయి. దోచినవాడి మాటా అదే, ఎదురు తిరిగినవాడి మాటా అదే. గుడి రాయి మసీదు గోడలో ఉందని లెక్క చెప్పేవాళ్లు, మా మాట తమ నాలిక మీద ఉందని ఎందుకు లెక్క చెప్పరు?

ఊళ్ల పేర్లు చూడండి. శ్రీకాకుళంలో హయాతినగరం, చుట్టుపక్కల ఖాజీపేట, ఫరీద్‌పేట, ఇబ్రహీంబాద్. ఏటి మొగ దగ్గర మోపసుబందరు. దాని అసలు పేరు మహఫూజ్ బందర్. చికాకోల్ సర్కారు పాలించి, 1744లో ఆర్కాటు నవాబై, 1749లో ఆంబూరు యుద్ధంలో చనిపోయిన అన్వరుద్దీన్ ఖాన్ పెద్దకొడుకు మహఫూజ్ ఖాన్ పేరది అంటారు. ఎచ్చెర్ల పక్కన షేర్ మహమ్మద్ పురం. ఈ ఊరి పేరు ఇప్పుడెవరూ పూర్తిగా పలకరు. బస్సు బోర్డు మీదా, అక్కడి ట్రిపుల్ ఐటీ చిరునామాలోనూ ఎస్.ఎం.పురం. పేరు మార్చాలని ఎవరూ ఉద్యమం చెయ్యలేదు. నోటికి పొడుగని కుదించారంతే. ఎవరి తప్పూ లేకుండానే ఒక మనిషి రెండక్షరాలైపోయాడు. కోపంతో చెరిపితే దెబ్బలాడొచ్చు. సౌకర్యం కోసం చెరిపితే ఎవరితో దెబ్బలాడతాం?

చికాకోల్ అన్న పేరే చూడండి. కప్పం సొమ్ము సంచుల్లో వచ్చేదనీ, ‘సిక్కా ఖోల్’ అని విప్పించేవారనీ, అదే సికాకోల్ అయిందనీ ఒక కథ చెప్తారు. తమాషా కథే. కాని తురకవాడంటే సంచి విప్పమనేవాడే అన్న ఊహ అందులో నవ్వుతూ కూర్చుంది. సంచి విప్పినవాడు ఫౌజుదారు మనిషైతే, లెక్క రాసినవాడు ఊరి కరణం. కప్పం కట్టినవాళ్లలో కాపూ ఉన్నాడు, సాలెవాడూ ఉన్నాడు, దూదేకుల సాయిబూ ఉన్నాడు. చికాకోల్ సన్న మస్లిన్ ఒకప్పుడు పేరు మోసిన బట్ట. అది నేసినవాడి వేళ్లు ఏ మతానివైనా ఒకేలా పగిలి ఉంటాయి. 1791 కరువులో ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది. 1866లో మళ్లీ కరువు. ఆకలికి మసీదు వీధి వేరు, గుడి వీధి వేరు కాదు.

ఇప్పుడు మా ఇంటి తప్పు కూడా చెప్పుకోవాలి. లేకపోతే ఈ విమర్శకు అర్థం లేదు.

నా చిన్నప్పుడు మొహర్రం పదో రోజున పీర్లను నాగావళికి తీసుకెళ్లేవారు. పీరు ఎత్తినవాళ్ల కాళ్ల మీద ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసేవారు. అందులో మావాళ్లకన్నా మిగతా కులాల వాళ్లే ఎక్కువ. బిడ్డ నడవడం లేదనీ, పెళ్లి కుదరడం లేదనీ మొక్కుకున్నవాళ్లు. మా నానీ ఇంట్లోంచి షర్బత్ కుండ తెచ్చి ఒడ్డున పెట్టేది. ఎవరు తాగుతున్నారని చూసేది కాదు. ఏరు చిక్కి ఉంటే తిప్ప దాకా నడిచి వెళ్లేవారు. ఆ తిప్ప మీద నేను చూసినంత మతసామరస్యం తర్వాత ఏ సభలోనూ చూడలేదు. అక్కడెవరూ ఆ మాట అనలేదు మరి.

తర్వాత బయటినుంచి పెద్దలు వచ్చారు. ఇది ఇస్లాం కాదన్నారు, బిదత్ అన్నారు. మావాళ్లు సిగ్గుపడ్డారు. మా వాడలో పీర్లు అటక ఎక్కాయి. నానీ మొహం ముడుచుకుని కూర్చుంది. ‘‘ఏటికి తెలిసిన దేవుణ్ణి నాకు తెలీదంటున్నారు’’ అంది. నేను మతశాస్త్రం చెప్పబోవడం లేదు. ఎవరి నమ్మకం వాళ్లది. కాని పీర్లతో పాటు మాకూ ఊరికీ నడుమ ఉన్న కాలిబాట కూడా అటక ఎక్కిందని మాత్రం చెప్పాలి. బయటివాడు మా చరిత్రని మసీదు రాళ్లకి కుదిస్తే, మేమే మా జ్ఞాపకాన్ని మసీదు లోపలికి కుదించుకున్నాం. రెండు ఒడ్లూ ఒకేసారి కోసుకుపోతే తిప్ప ఏం నిలుస్తుంది?

మా చదువుకున్నవాళ్లది ఇంకో జబ్బు. ‘ఒకప్పుడు ఇక్కడ మనమే నవాబులం’ అని మీసం దువ్వడం. ఏ నవాబు? ఫ్రెంచివాళ్లకు 1753లో సర్కార్లు రాసిచ్చిన సలాబత్ జంగా? 1766లో ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకుని వదులుకున్న నిజాం అలీయా? వాళ్ల బేరంలో మా తాతలు కూడా పొలంతో పాటు అమ్ముడుపోయిన సరుకే. నవాబు చరిత్రను మన చరిత్ర అనుకున్నంత కాలం నవాబు పాపాలకు మనం జవాబుదారీ కాక తప్పదు. దర్జీ పనివాడు, కళాయి పూసేవాడు, జట్కా తోలినవాడు, దూది ఏకినవాడు, ఎముకలు కట్టినవాడు: వీళ్ల చరిత్ర మనది. వీళ్లు ఏ గుడీ కూల్చలేదు. ఏ కోటా అమ్మలేదు.

ముస్లిం సాహిత్యం తన గొంతు తాను తెచ్చుకున్న కాలం ఇది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ ఈ నేల మీద తన పుట్టుకకే రుజువు చూపాల్సి రావడంలోని నొప్పిని చెప్పింది. 1998లో ‘జల్‌జలా’ కవిత్వమూ, ఆ తర్వాత ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, ‘వతన్’ కథలూ వచ్చాయి. అవి చదివి నేను ఏడ్చాను, ధైర్యం తెచ్చుకున్నాను. కాని అందులో వినపడే ముస్లిం గొంతు ఎక్కువగా తెలంగాణది, రాయలసీమది, నెల్లూరు గుంటూరులది. వాళ్ల వాడల్లో పదిమంది ఉంటారు. ఒకడు కొట్టుకుంటే పక్కవాడు వింటాడు. మా దగ్గర వాడ అంటే నాలుగిళ్లు. మైనారిటీలో మైనారిటీ ఎలా ఉంటాడో మన సంకలనాలు కూడా ఇంకా పూర్తిగా చెప్పలేదు. భోజనాల దగ్గర ఆ పెద్దాయన ప్రశ్న ఆ లోటునే చెప్పింది. అందుకే ఆయన మీద నాకు కోపం రాలేదు.

సెక్యులర్ మిత్రులకు ఒక మనవి. మా గురించి మాట్లాడేటప్పుడు రాళ్ల సంగతి దాచకండి. దాస్తే అవతలివాడు దాన్నే ఆయుధం చేసుకుంటాడు. రాళ్లతో పాటు బొబ్బిలి పేరూ చెప్పండి, తేదీలూ సరిగా చెప్పండి, ‘పెద్దమసీదు’ కథను రెండో సగం దాకా చదివించండి. మావాళ్లకు ఒక మనవి. ఇంట్లో ముసలివాళ్లున్నారు. వాళ్లు పోకముందే కూర్చోబెట్టి అడగండి. ఏ రేవులో నీళ్లు తెచ్చేవారు, వరదొస్తే ఎవరి అరుగెక్కారు, పీరు ఎవరు ఎత్తేవారు, పెళ్లిలో ఏ పాట పాడేవారు, ఏ భాషలో ఏడ్చేవారు. రాసి పెట్టండి. తప్పులతో రాసినా ఫర్వాలేదు.

మా నానీ పోయి చాలా ఏళ్లయింది. ఖబరస్తాన్ నుంచి వస్తూ వంతెన మీద ఆగితే ఏరు నిండుగా ఉంది. తిప్ప కనపడలేదు. పక్కన నిలబడ్డ కుర్రాడు, మా బంధువుల పిల్లాడే, అడిగాడు. ‘‘మామూ, అక్కడేటుంది, అలా చూస్తన్నావు?’’

వాడికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం వాడి కోసం.